నాతో చెప్పాల్సిన మాట

పొద్దున్నే మొగుడు టీ కలిపి మంచం దగ్గరికి తెచ్చాడంటే ఏదో పని పడిందని ఆమెకు తెలుసు. కప్పు అందుకుని, "ఏం కావాలి?" అంది నవ్వుతూ.

"అంత అనుమానమా?" అన్నాడతను మంచం చివర కూర్చుంటూ. "మన సినిమాలో భార్య పాత్రకి ఆ అమ్మాయి గొంతు అతకడం లేదు. ముఖం బాగానే ఉంది, నోరు విప్పితే బడిలో పద్యం అప్పజెప్పినట్టుంది. నువ్వు చెప్పిపెట్టు చిలకా."

చిలక ఆమె అసలు పేరు కాదు, డబ్బింగు థియేటర్లో పెట్టిన పేరు. ఏళ్ల తరబడి తెర మీది ఆడవాళ్లకి గొంతు అరువిస్తోంది. రాణులకి, దొంగలకి, దెయ్యాలకి, ఒకసారి సబ్బు ప్రకటనలో బాతుకి కూడా. అతను దర్శకుడు. మొదలుపెట్టిన రెండు సినిమాలూ మధ్యలో ఆగిపోయాక, స్నేహితుల దగ్గర కెమెరా అడిగి తెచ్చుకుని, తానే హీరోగా మూడోది తీశాడు. పొద్దస్తమానం పోట్లాడుకునే భార్యాభర్తలు మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తారు, అక్కడ ఇంకా పోట్లాడుకుంటారు. అదీ కథ. జనం పడీపడీ నవ్వి చివర్లో కళ్లు తుడుచుకోవాలని అతని ఆశ. కథ చెప్పాడు గానీ మాటలు మాత్రం ఆమెకి చూపించలేదు. "తెర మీద చూద్దువుగాని" అనేవాడు.

నిజానికి వాళ్లిద్దరూ అలాంటి డాక్టరు గదికి వెళ్లొచ్చినవాళ్లే. ఆమె తల్లి పోయిన ఏడాది ఇంట్లో మాటలు దాదాపు నిలిచిపోయాయి. ఆమే పట్టుబట్టి అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. మొదట్లో గొణిగాడు. తర్వాత తర్వాత గురువారం వచ్చిందంటే అతనే ముందు తయారై చెప్పులేసుకుని నిలబడేవాడు. కుర్చీ అంచున కూర్చుని, ఆమె మాట్లాడుతుంటే కన్నార్పకుండా వినేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా అలా వినలేదు. ఆ గది వల్లే తన కాపురం నిలబడిందని ఆమె నమ్మకం.

"వెళ్లమ్మాయ్," అంది అత్తగారు వంటింట్లోంచి. "వాడి సినిమాకి ఊరికే వచ్చే గొంతు నీదొక్కటే."

ముగ్గురూ నవ్వారు.

థియేటర్లో మొదటి సన్నివేశాలు హాయిగా నడిచాయి. రికార్డింగు చూసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన అద్దానికి అవతల మీటల ముందు కూర్చున్నాడు, పక్కన ఆమె భర్త. డాక్టరు గది సన్నివేశం వచ్చింది. ఆమె కాగితం తిప్పి, చెవులకి హెడ్‌ఫోన్లు సర్దుకుని, చెప్పాల్సిన మాట చదువుకుంది.

"ఇంట్లో నేను ఫ్రిజ్‌తో మాట్లాడతాను డాక్టర్. అదైనా తలుపు తీస్తే లైటు వేస్తుంది. ఈయన అదీ వేయడు."

ఆ చివరి ముక్క తప్ప మిగతాదంతా ఆమె మాటే. తల్లి పోయాక, ఎవరితో చెప్పుకోవాలో తెలియక, వంటింట్లో ఆ తలుపు తెరిచి పట్టుకుని నిలబడేది. ఆ సంగతి బయటపెట్టడానికి ఎన్ని గురువారాలు నోరు తెరిచి మూసుకుందో ఆమెకే తెలుసు. చెప్పిన రోజు ఏడుస్తూ చెప్పింది. ఇంటికి వస్తుంటే కారులో అతను, "ఆ ఫ్రిజ్ మాట భలే చెప్పావు" అన్నాడు. నా మాట విన్నాడు, గుర్తుపెట్టుకున్నాడు అని ఎంత మురిసిపోయిందో! ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

హెడ్‌ఫోన్లలో బాబాయ్ నవ్వు వినిపించింది. "భలే రాశాడమ్మా మీ ఆయన! హాల్లో ఈలలే ఈలలు."

"చిలకా, కొంచెం కామెడీగా కావాలి," అన్నాడు భర్త. "ఏడుపు రానీయకు."

ఆమె కామెడీగా చెప్పింది. చేయి తిరిగిన మనిషి కాబట్టి గొంతు తన పని తాను చేసుకుపోయింది. తెర మీద బొమ్మ కదిలింది. హీరో, అంటే ఆమె భర్తే, కుర్చీలోంచి లేచి ఆ అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ నువ్వెవరితో చెప్పుకున్నావో నేను పట్టించుకోలేదు. తప్పు నాదే. ఇకనుంచి నాతో చెప్పు," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు.

కాగితం మీద ఆ తర్వాత భార్య పాత్రకి ఒక వెక్కిళ్ల ఏడుపు రాసి ఉంది. చిలకకి ఏడుపొచ్చింది. తెర మీద బొమ్మ అయిపోయినా ఆగలేదు.

"ఒక్క టేకులో ఓకే!" అని అరిచాడు బాబాయ్ సంబరంగా.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించి బయటికొచ్చింది. నడవాలో అతను అందుకున్నాడు.

"కోపం వచ్చిందా? అడుగుదామనే అనుకున్నాను. వద్దంటావేమోనని..."

"గురువారం గురువారం నాకంటే ముందు తయారై నిలబడింది ఇందుకా?"

అతను గోడకేసి చూశాడు. "మొదట్లో కాదు," అన్నాడు.

ఆ జవాబు చెంపదెబ్బలా తగిలింది. "పోనీలే," అంది ఆమె. "మాట పోతే పోయింది. ఒకరి మాట ఇంకొకరి నోట్లో పెట్టే పనేగా నాది. కానీ 'ఇకనుంచి నాతో చెప్పు' అని రాశావు చూడు, ఎంత బాగుందో! అంటే నాకేం చెప్పాలో నీకు తెలుసన్నమాట. తెలిసి కూడా నాకు చెప్పలేదు. ఆ అమ్మాయికి చెప్పావు, మోకాళ్ల మీద కూర్చుని మరీ చెప్పావు. ఎన్ని టేకులు తీశావు?"

"నాలుగు," అన్నాడతను అలవాటు కొద్దీ, ఆ వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"నాలుగుసార్లు చెప్పావన్నమాట!"

మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి ఆమె వంటింట్లో బల్ల ముందు కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. అత్తగారు పక్కనే ఉంది. సంగతంతా విన్నట్టు ఆవిడ ముఖమే చెబుతోంది.

"ఆ సీను తీసేస్తున్నాను," అన్నాడు గుమ్మంలోంచే.

"తీయకు. తీసేస్తే ఆ త్యాగం మీద ఇంకో సినిమా తీస్తావు."

అత్తగారు ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వైనా చెప్పమ్మా," అన్నాడు. "నాన్న నలుగురి ముందూ నీ మీద ఎన్ని జోకులేసేవాడు! అందరికంటే ముందు నువ్వే నవ్వేదానివి. నువ్వెప్పుడైనా ఇంత గొడవ చేశావా?"

పెద్దావిడ చేతిలో దుంప బల్ల మీద పెట్టింది.

"నవ్వక ఏం చెయ్యనురా? వచ్చినవాళ్ల ముందు మూతి ముడుచుకుంటే, సరదా తెలియని మనిషి అంటారు. నవ్వేసి స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకునేదాన్ని. నీళ్ల చప్పుడులో ఏడిస్తే బయటికి వినపడదు. మీ నాన్నకి చచ్చేదాకా తెలీదు. నువ్వూ అక్కడే కూర్చుని పొట్టపట్టుకుని నవ్వేవాడివి." లేచి చెంగు దులుపుకుంది. "పసివాడివి, నిన్నేమంటాను? ఇప్పుడు పసివాడివి కాదుగా."

ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది. వాళ్లింట్లో ఎప్పుడూ నవ్వులేనని అతను అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. మెల్లగా వచ్చి తల్లి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు.

"ఫ్రిజ్‌తో ఏం చెప్పేదానివి?" అన్నాడు.

"ఎందుకు? రెండో భాగానికా?"

"కాదు. సినిమాలో ఆ భార్య ఏం చెప్పుకుంటుందో నేనే కల్పించాను. కూరగాయల ధరలు, పక్కింటి కబుర్లు. నవ్వొస్తుందని. నిన్ను అడగాలని అసలు తోచనే లేదు."

చెప్పకూడదనే అనుకుంది. కానీ ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నది దానంతటదే బయటికొచ్చేసింది.

"మొదట అమ్మ గురించి. తర్వాత నీ గురించే. తిట్టేదాన్ననుకుంటున్నావేమో. వెనకేసుకొచ్చేదాన్ని. 'ఆయన అలిసిపోయాడు, చేతిలో పని లేదు పాపం, మనసు బాగోలేదు, రేపు మాట్లాడతాడులే' అని రోజూ చెప్పేదాన్ని. దానికి చెబుతున్నట్టు నాకు నేనే చెప్పుకునేదాన్ని."

అతను ఏదో అనబోయాడు. పెదాలు వంకర్లు తిరిగి, ముక్కు కారి, ముఖమంతా వికారంగా అయిపోయింది. సినిమాలో కన్నీళ్లు అందంగా కారాయి. ఈ ఏడుపు చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు. అయినా నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. ఇకమీదట అతను కళ్లు తుడుచుకున్న ప్రతిసారీ తనకి ఈ అనుమానం వస్తుందని, ఆ నష్టం ఎవరూ పూడ్చలేరని అర్థమై, ఆమెకీ కళ్లు నిండాయి.

అతను చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు. లేచి వెళ్లిపోనూ లేదు.

"ముక్కు తుడుచుకో," అంది. "ఇంకా చాలా ఉంది. కూర్చుని విను."