మలుపు దాటని కారు

"మళ్లీ అదే మలుపులో ఆగిందా?" షెడ్డులోకి తోసుకొచ్చిన పాత కారుని చూసి మెకానిక్ నవ్వాడు.

టైలరమ్మాయి నవ్వలేదు. కొండమీద వాళ్లిల్లు. ఆ దారిలో చివరి మలుపు దగ్గరే ఆమెకి కుట్టుపని నేర్పిన తండ్రి స్టీరింగ్ మీద వాలిపోయి కన్నుమూశారు. అప్పటినుంచి ఆయన కారు ఆ మలుపు దాటడం లేదు.

"ఈసారీ దాటకపోతే తుక్కుకి ఇచ్చెయ్యమంది అమ్మ. ఏదో ఒకటి చెయ్యండి."

"కంప్రెషన్ పెంచుదాం. ఇంజన్ హెడ్ అడుగున కాస్త చెక్కిస్తే లోపల జాగా తగ్గుతుంది. పెట్రోలు, గాలి ఇంకా గట్టిగా నొక్కుకుని మండుతాయి. బలం వస్తుంది."

"బ్లౌజు బిగించినట్టన్నమాట! మరీ బిగిస్తే పిగిలిపోదూ?"

"అందుకే కొలత చూస్తాం. మీరు కుట్టిన నా చొక్కా చంకలో పిగిలింది, గుర్తుందా?"

"అది మీ ఒంటి తప్పు!"

హెడ్ చెక్కించి తెచ్చాడు. వాల్వు పిస్టన్‌కి తగలకుండా ఖాళీ ఉందో లేదో చూడాలి. పిస్టన్ మీద మెత్తటి మట్టి పరిచి, హెడ్ బిగించి, ఇంజన్‌ని చేత్తో తిప్పాడు. బయట చినుకులు మొదలయ్యాయి. విప్పి చూశాడు.

మట్టి మందం సరిపోయింది. దాని మీద మాత్రం ఒక బొటనవేలి ముద్ర. అడ్డంగా గాటు.

"మీదేనా?" ఆమె ముందుకి వంగింది.

అతను తన వేలు చూపించాడు. గాటు లేదు.

"కత్తెర గాటు... నాన్నది."

ఆమె చెయ్యి అతని చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియలేదు.

సాయంత్రం వానలో ఇద్దరూ బయలుదేరారు. మలుపులో కారు ఒక్కసారి వణికింది. దాటింది!

ఇంటిముందు అతను కారు ఆపి తాళంచెవి తీశాడు. ఇంజన్ ఆగలేదు. డుగ్... డుగ్...

"కంప్రెషన్ పెరిగితే ఒక్కోసారి లోపలి వేడికే మండుతూ ఉంటుంది," అన్నాడు. ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

తల్లి గుమ్మంలోకి వచ్చింది. వాళ్లు కారు దిగి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆమె చూపు ఇద్దరి చేతుల మీద ఆగింది.

"ఆయనకదే అలవాటు. అడిగినదానికి జవాబొచ్చేదాకా బండి ఆపేవారు కాదు. చెప్పు నాయనా, ఏమిటి నీ ఉద్దేశం?"

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానండీ."

డుగ్... డుగ్...

"నువ్వేమంటావే?"

"నాకూ ఇష్టమే..." అమ్మాయి కారు వైపు తిరిగింది. "ఇష్టమే నాన్నా."

ఇంజన్ ఆగిపోయింది.

"ఇక తుక్కు మాట ఎత్తను," అంది తల్లి.

అంతలో కారు వెనక తలుపు దానంతటదే తెరుచుకుని, మెల్లగా మూసుకుంది. ఎవరూ కదల్లేదు.

తల్లి ఒక్కతే, గుమ్మంలో కాస్త పక్కకి జరిగి దారిచ్చింది.