ఓదెలు వెనక ఇల్లు

ఆదినారాయణకి పొద్దున్నే కాఫీ కంటే ముందు ఎవరినో ఒకరిని తిట్టడం అలవాటు. ఎన్నో ఏళ్ళుగా సినిమాలకి సెట్లు వేస్తున్న మనిషి. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ వడ్రంగుల్ని తిట్టాడు, హైదరాబాదు వచ్చాక ఫిల్మ్‌నగర్ దుమ్మును తిడుతున్నాడు. ఆ రోజు మాత్రం కిక్కురుమనకుండా గ్లాసు అందుకుని వరండాలో కూర్చున్నాడు. వంటింట్లో ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తున్న భార్య జ్ఞానప్రసూనాంబకి అనుమానం వచ్చింది. ఆయన తిట్లకి భయపడడం ఆవిడ ఎప్పుడో మానేసింది గానీ, ఆయన మౌనమంటే ఇప్పటికీ గుబులే.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? బ్రహ్మాండంగా ఉన్నాను."

ఆ బ్రహ్మాండం ఎంతోసేపు నిలవలేదు. మేడమీద గదిలోంచి కూతురు శారద కేక వినపడింది.

శారద చిత్రకారిణి. తండ్రి సెట్ల దగ్గర రంగుడబ్బాల మధ్యే పెరిగింది. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోంచి బయటికి రాగానే ఇద్దరు నిర్మాతలు పోస్టర్ల పని ఇస్తామని కబురు పెట్టారు. "హీరోల బుగ్గలకి మెరుగులు దిద్దడం నావల్ల కాదు" అని మొహం మీదే చెప్పేసింది. నెల్లూరు పల్లెల్లో ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళిన రోజుల్లో అక్కడే మకాం పెట్టి వేసిన బొమ్మలతో ఆమెకి పేరొచ్చింది. ఒక ప్రదర్శనలో హాలువాళ్ళు భయపడి రెండు బొమ్మలు దించేస్తే, మర్నాడు అదే గోడకి ఖాళీ ఫ్రేములు తగిలించి వచ్చింది. పట్టిన పట్టు వదిలే రకం కాదు.

రేపు సాయంత్రం ఆమె కొత్త ప్రదర్శన మొదలవుతుంది. అందులో అన్నిటికంటే పెద్ద బొమ్మ ఓదెలుది. తొమ్మిదేళ్ళ క్రితం, ఎనభై అయిదులో, ఈ ఇంటి పునాది కోసం బండలు పేలుస్తూ ప్రాణం పోగొట్టుకున్న రాళ్ళపనివాడు. బొమ్మలో ఓదెలు నిలబడి ఉంటాడు. అతని వెనక ఈ ఇల్లు, ఆకుపచ్చ గేటుతో సహా.

ఇప్పుడు బొమ్మలో ఆ ఇల్లు లేదు. దాని స్థానంలో ముచ్చటైన కొండ, కొండ మీద తెల్లటి మబ్బులు. అది ఎవరి పనో శారద ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. అలాంటి మబ్బులు ఈ ఊళ్ళో ఒక్కరే వేస్తారు.

ఆదినారాయణ మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓదెలుని ముట్టుకోలేదమ్మా! వేలు కూడా తగలనివ్వలేదు. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే మార్చాను."

"నా బొమ్మ మీద మీరు రంగు వేశారా, నాన్నగారూ?"

"అంత మాటెందుకు? మేం రోజూ చేసేదే కదా. హీరో ఉంటే చాలు, వెనక తెర ఏదైతేనేం?"

పాపం, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఒకే తెర మీద పొద్దున కాశ్మీరు, మధ్యాహ్నం కైలాసం వేసిన చెయ్యి అది.

"వెనక ఇల్లు తీసేస్తే అతను ఎవరికోసం పోయాడో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే కొంపలు మునుగుతాయా? రేపు వచ్చేవాళ్ళంతా ఆ గేటు దాటొచ్చి మనింట్లో కాఫీ తాగినవాళ్ళే. ఎల్లుండి నుంచి నేను స్టూడియోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"బుచ్చమ్మకి మాటిచ్చాను."

బుచ్చమ్మ ఓదెలు భార్య. ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. శారద వెతుక్కుంటూ వెళ్ళి అనుమతి అడిగినప్పుడు ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. "మా ఆయన బొమ్మ ఎయ్యి బిడ్డా, నేనెందుకు వద్దంట? గాని మీ ఇల్లు గూడ ఎయ్యాలె. గా ఇల్లు లేకుంటే మా ఆయన ఊకెనే సచ్చినట్టు అయితది."

శారద బకెట్లో గుడ్డ తడిపి కొండ మీద పెట్టింది. ఆయన వేసింది నీళ్ళలో కలిపే డిస్టెంపర్. తన నూనె రంగుల మీద అది నిలవదని ఆమెకి తెలుసు.

"ఆపు శారదా! ఇది నేను చెమటోడ్చి కట్టుకున్న ఇల్లు. దీన్ని పదిమంది ముందు దోషిగా నిలబెడతానంటే, ఆ బొమ్మతోపాటే నువ్వూ వెళ్ళిపో!"

"అలాగే వెళ్తాను. ఇది తుడిచాక."

ఆమె చెయ్యి ఆగలేదు. పిండి చేతులతోనే పైకి వచ్చిన ప్రసూనాంబ ఇద్దరి మధ్యా నిలబడింది.

"ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి" అంది భర్తతో. "ఎవరిని వెళ్ళిపొమ్మంటున్నారు? ఆ రోజు మనిషిని జీపులో వేసి తీసుకెళ్ళాక కూడా మనం కొబ్బరికాయ కొట్టాం కదండీ! ముహూర్తం దాటిపోతుందని."

ఆ మాట తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆదినారాయణ పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"కొబ్బరికాయ ఒక్కటే కాదు ప్రసూనా" అన్నాడు. "మందు కూరిన బండ పేలలేదు. 'జర ఆగుదాం సార్, ఇప్పుడే దగ్గరికి పోవద్దు' అన్నాడు ఓదెలు. శంకుస్థాపనకి టైమైపోతోంది, వెళ్ళి చూడవయ్యా అన్నాను. కాంట్రాక్టరు కాదు, నేనే పంపించాను. ఇది ఎవరికీ..."

"నాకు తెలుసు" అంది శారద. "మీ వెనకే పూల పళ్ళెం పట్టుకుని ఉన్నాను. మీరు అనడం విన్నాను."

ఆదినారాయణ తలెత్తి కూతుర్ని చూశాడు. తర్వాత బొమ్మకేసి చూశాడు.

"మరి ఇందులో నేనెక్కడున్నానమ్మా?"

"గీశాను నాన్నగారూ. చెరిపేశాను. మళ్ళీ గీశాను, మళ్ళీ చెరిపేశాను. మిమ్మల్ని అక్కడ నిలబెట్టడానికి చేతులు రాలేదు" అని శారద ఏడ్చేసింది. ఎవరికీ జంకకుండా అందరి తప్పులూ బొమ్మలుగా వేసిన మనిషి, కన్నతండ్రి దగ్గరికొచ్చేసరికి కుంచె దాచేసుకుంది. అందుకు సిగ్గేసింది. ఆయన మీద ఇంత ప్రేమ ఉన్నందుకు మాత్రం సిగ్గెయ్యలేదు.

ఆదినారాయణ లేచి ఆమె చేతిలో గుడ్డ తీసుకున్నాడు. తను వేసిన కొండని తనే తుడిచాడు. మబ్బులు కరిగి నీళ్ళై కారాయి. కిటికీలు, వరండా, గేటు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"ఓదెలు పక్కన చోటుంది. నన్ను వెయ్యి" అన్నాడు. "బుచ్చమ్మని రేపు నేనే తీసుకొస్తాను. బొమ్మ చూసేలోగా నా నోటితో నేనే ఆవిడకి చెప్పాలి."

"మీ సినిమావాళ్ళు ఏమంటారో!" అంది ప్రసూనాంబ.

"అననీ. నువ్వు వెళ్ళి ఇడ్లీలు చూడు, మాడతాయి."

ఆవిడ వెళ్ళలేదు. కళ్ళొత్తుకుంటూ అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది. శారద బొగ్గుముక్క అందుకుంది.

"ఎలా నిలబడమంటావ్?" అడిగాడు ఆయన.

"ఆ రోజు ఎలా నిలబడ్డారో అలాగే."

ఆదినారాయణ కుడిచెయ్యి ఆ రోజు బండ ఉన్న వైపుకి చాపాడు. ఎడమచెయ్యి టైము చూసుకుంటున్నట్టు కళ్ళ దగ్గరికి ఎత్తాడు. మణికట్టుకి వాచీ లేదు.

"కదలకండి నాన్నగారూ" అంది శారద. కళ్ళు తుడుచుకుని, ఈసారి చెరపకుండా గీసింది.