మూడోసారి వదులైన స్క్రూ

నెలలో మూడోసారి అదే ఇంటి నుంచి కంప్లైంట్ వచ్చేసరికి సూపర్‌వైజర్ ఆమె వైపు కొరకొరా చూశాడు.

"నువ్వు బిగించింది స్క్రూనా, చెవి దిద్దుకుండే శీలనా? ఈసారి వదులైతే ఫీల్డు మానేసి ఆఫీసులో ఫోన్లెత్తుకో."

సోలార్ ఇన్వర్టర్లు బిగించేవాళ్ళలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఫోన్లెత్తుకోమంటే ఒళ్ళు మండదూ? టూల్ బ్యాగు భుజాన వేసుకుని రుసరుసలాడుతూ బయల్దేరింది.

అది లాండ్రీ నడిపే ఇల్లు. ముందు గది కొట్టు, వెనక కాపురం. ఉండేది తల్లీ కొడుకూ. కొడుకు తెల్ల చొక్కా మడత ఎప్పుడూ నలగదు. ఆమెను చూస్తే మాత్రం మాట తడబడుతుంది.

"ర... రండి! సోలార్ మళ్ళీ ఆగిపోయిందండీ," అన్నాడు చెవులదాకా నవ్వుతూ.

ఆగిపోతే ఇంత సంబరమా అనుకుందామె.

ప్యానెళ్ళ స్విచ్చూ ఇన్వర్టర్ స్విచ్చూ దించి, కాసేపాగి, వెనక గది గోడకున్న ఇన్వర్టర్ మూత తీసింది. ప్యానెళ్ళ నుంచి వచ్చే ఎర్ర వైరు దగ్గర స్క్రూ మళ్ళీ వదులు. వైరు కొస నల్లగా కమిలింది. ఇంకో వారమైతే అంటుకునేదే! పోయినసారి బిగువు చూపించే మీటరున్న స్క్రూడ్రైవర్‌తో కొలిచి మరీ బిగించింది. ఇక అనుమానమే లేదు.

"మీరే విప్పుతున్నారు కదూ?"

"నేనా? ఎందుకండీ?"

"నేను రావాలని!"

అతని ముఖం చొక్కాకంటే తెల్లబడింది. ఈసారి మాట తడబడలేదు.

"మీరు రావాలనుకున్న మాట నిజమే. అందుకని ఇల్లు తగలబెట్టుకుంటానా? లోపల మా అమ్మ ఉందండీ!"

విసురుగా కొట్టులోకి వెళ్ళిపోయాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కమిలిన కొస కత్తిరించి, కొత్తది బిగిస్తూ గోడకు చెయ్యి ఆనించింది.

గోడ వణుకుతోంది!

ఒక్క ఉదుటున కొట్టులోకి పరిగెత్తింది. సరిగ్గా ఆ గోడకే ఆనుకుని పెద్ద వాషింగ్ మిషన్ మామూలు కరెంటు మీద దుప్పట్లు పిండుతూ పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది.

"ఇది ఇక్కడికెప్పుడొచ్చిందండీ?"

"నెలైంది. గుమ్మం దగ్గర ఇరుకని ఇటు జరిపించాను," అంది ఇస్త్రీ చేస్తున్న తల్లి.

"దీని అదురుకే స్క్రూ వదులవుతోంది. మిషన్ ఆ మూలకి జరపండి. ఇన్వర్టర్ని నేను వేరే గోడకి మారుస్తాను." అతనివైపు తిరిగింది. "సారీ అండీ, నోరు జారాను."

"పర్లేదండీ. ఇక పాడవదుగా?"

"అస్సలు పాడవదు. గ్యారంటీ!"

అనగానే ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి.

"బాగైతే ఏడుపు ముఖాలెందుకర్రా?" అంది తల్లి.

ఆ అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ వంకే చూస్తూ నెమ్మదిగా అంది. "మీరే విప్పుతున్నారని... కొంచెం ఆశపడ్డానండీ."

అతను ఆమెవైపు ఒక అడుగు వేశాడు.

"బాగుందమ్మా! ఆశ నీది, నింద మావాడికా?" తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మీ నాన్నగారి నంబరు చెప్పు. నేను మాట్లాడతా."

కంగారులో ఆమె చెప్పిన నంబరులో ఒక అంకె తగ్గింది. రెండోసారి సరిగ్గా చెప్పింది. కొడుకు గబగబా రాసుకున్నాడు, ఎవరిదో అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మీద.