హాల్లో మెడికల్ పరేడ్

అంబుజం మొగుడు ధనపాల్‌కు బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్ళ నొప్పులు అసలే లేవు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే: ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ ఉండకూడదని పట్టుబట్టడం. పోయినేడాది ఆమెకు టైఫాయిడ్ వస్తే "ఎండలో తిరిగినావు" అని తేల్చేశాడు. పక్కింటాయనకు గుండె ఆపరేషన్ అయితే "డాక్టరు కొత్త కారు కొనాల గదా, పాపం" అన్నాడు.

ఆ మంగళవారం పొద్దున కూడా నటేశన్ నగర్‌లోని ఆ ఇంటి హాల్లో పరేడ్ మొదలైంది. ధనపాల్ కుర్చీలో డాక్టరు పోజులో కూర్చున్నాడు. ఎదురుగా కొడుకు భువనేశ్, ఆర్మీలో హవల్దారు, బనీను మీద అటెన్షన్‌లో నిలబడ్డాడు. అతని సెలవు అయిపోవచ్చింది. మంచుకొండల మీది పోస్టుకు వాళ్ళ యూనిట్ మళ్ళీ ఎక్కబోతోంది. ఎక్కేముందు మెడికల్ పరీక్ష ఉంటుంది. దానికే ఈ రిహార్సల్.

"తలనొప్పి?"

"లేదు సార్."

"నిద్ర?"

"బాగా పడతాది సార్."

"చేతులు, కాళ్ళు?"

భువనేశ్ కాస్త తడబడ్డాడు. "బా... బాగుండాయి సార్."

"ఆగినావు! ఆగితే డాక్టరు పట్టేస్తాడు. మళ్ళా చెప్పు."

"డాక్టరుగారూ, పేషెంటుకు ఇడ్లీ పెట్టొచ్చునా, ఖాళీ కడుపుతోనే చూస్తారా?" వంటింట్లోంచి కేకేసింది అంబుజం.

"నీకంతా వేళాకోళమే! ఈసారి ఎక్కి దిగినాడంటే ప్రమోషనొచ్చి వాడు నాయబ్ సుబేదార్. డాక్టర్లు ఒంట్లో బాగలేదని కేటగిరీ దించినారనుకో, యాడనో స్టోర్లో కూర్చోని మేకులు లెక్కపెట్టుకోవాల."

"మీరు అంగట్లో చేసేది అదే గదా? బాగానే ఉండారే!"

ధనపాల్ ముఖం మాడిపోయింది. బజారులో ఆయనకు పెయింట్లు, మేకులు అమ్మే అంగడి ఉంది. కుర్రతనంలో ఆర్మీలో చేరబోయి, చిన్నప్పుడు ఆయాసం వచ్చేదని డాక్టరుకు నిజం చెప్పి, ఆ పూటే ఇంటికి తిరిగొచ్చాడు. డాక్టరుకు నిజం చెప్పేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడని అప్పటి నుంచి ఆయన సిద్ధాంతం. కొడుక్కి అక్షరాలతోపాటు అదీ నేర్పాడు.

భువనేశ్ వంటింట్లోకి వచ్చాడు. "నువ్వు జరుగమ్మా, నేను తీస్తా" అంటూ ఆవిరి కక్కుతున్న పాత్రలోంచి ఇడ్లీ పళ్ళేల స్టాండును వట్టి చేతుల్తో పైకెత్తాడు. గుడ్డ లేదు, పట్టకార లేదు, తొందర అంతకన్నా లేదు. తాపీగా గట్టు మీద పెట్టాడు.

"చూసినావా! మిలిటరీ చేతులంటే అవీ!" గుమ్మంలో నిలబడి మురిసిపోయాడు ధనపాల్.

అంబుజం ఆ చేతిని పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళ కొసలు కందిపోయి పొక్కులు లేస్తున్నాయి.

"మంటగా లేదా రా?"

"ఏంది మంట?" అన్నాడు. తర్వాత తన వేళ్ళు తనే చూసుకుని చేయి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఈడ్చుకెళ్ళి కుళాయి కింద పెట్టించింది.

"ఎప్పట్నించీ ఇట్లా?"

"మంచులో ఉండంగానే. వేళ్ళకు తాకినా తెలీదు. సుమ్మా, ఉత్త తిమ్మిరనుకొన్నా."

"అడగలేదా వాళ్ళు?"

"అడిగినారు. పైన ఉన్నన్నాళ్ళూ వారం వారం అడిగినారు. దిగినాక డాక్టరమ్మ కూర్చోబెట్టి మరీ అడిగింది."

"అన్నిసార్లూ మీ నాయిన నేర్పిన పాఠమే ఒప్పజెప్పినావు!"

అంబుజానికి ముందు ఎవరి మీద అరవాలో తేలలేదు. ఎక్కేముందు ఒక డాక్టరు, పైన ఒకరు, దిగాక ఒకరు. సర్కారు అంత ఖర్చు పెట్టి అందరినీ పెడితే, పెయింట్ల అంగట్లో కూర్చున్న ఈ డాక్టరు అందరినీ ఓడించేశాడు.

"ఏమండీ, ఆ ప్రమోషన్ను ఏ చేత్తో అందుకుంటాడు? మళ్ళా ఆ చలిలోకి పోతే వేళ్ళు మిగల్తాయా?"

"ఏందే నీ గొడవ! కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయి. వారంలో పోతాది."

"నూనెతో పోయేది కాదు నాయినా" అన్నాడు భువనేశ్. అంతసేపూ అటెన్షన్‌లో ఉన్న గొంతు అప్పుడు వదులైంది. "పైన మేము ఒకే తాడుకు కట్టుకొని నడుస్తాము. ముందరోడు జారితే వెనకోడు బిగించి పట్టాల. దిగే ముందర ఒకనాడు మణికంఠన్ జారినాడు. తాడు నా చేతిలోనే ఉండాదనుకొన్నా. ఎప్పుడు పోయిందో పోయింది. నాకు తెలీనే లేదు. వాడు మంచు పగుల్లోకి పోతావుంటే, నా వెనకోడు పట్టి ఆపినాడు."

"ఏ మణికంఠన్?" అన్నాడు ధనపాల్. ఆ గొంతులో డాక్టరు లేడు.

"కాలాపేట మణికంఠన్. మన అన్నమ్మాళక్క కొడుకు."

అన్నమ్మాళ్ పడవకు రంగు కొనడానికి ఎప్పుడూ ధనపాల్ అంగడికే వస్తుంది. నిన్న కూడా వచ్చింది. "నా బిడ్డ పక్కన మీ బిడ్డ ఉండాడు. ఆ ధైర్యంతోనే నిద్రపోతా ఉండానన్నా" అని చెప్పి, డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్ళింది.

ధనపాల్ గడప మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా అంబుజం పోగేసుకున్న దెప్పుళ్ళు నోటిదాకా వచ్చాయి. ఆయన ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. పోట్లాడాలనుకున్న రోజే ఇలా జాలిపడాల్సి రావడం మీద కూడా ఆమెకు చిరాకేసింది.

"ఆ డాక్టరమ్మ నంబరు ఉండాదా?" అడిగాడాయన.

"ఉండాది. సెలవులోనైనా సరే, ఏదన్నా ఉంటే చెప్పమనింది."

"చెయ్యి. స్పీకర్లో పెట్టు."

భువనేశ్ హిందీలో చెప్పాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. అటువైపు నుంచి ఆమె ఏదో గట్టిగా అడిగింది. అతను తల వంచుకున్నాడు.

"ఏమంటా ఉంది?"

"పైకి పంపేది లేదు, రేపే బయలుదేరి ఆసుపత్రికి రమ్మంటా ఉంది. ఇన్నిసార్లు అడిగితే ఎందుకు దాచినావని అడగతా ఉంది."

ధనపాల్ లేచి ఫోను అందుకున్నాడు. పెయింటు కంపెనీ సేల్స్‌మన్ల దగ్గర పట్టిన ముక్కల హిందీ రెండు మాటలకే అయిపోయింది. మిగిలినదంతా తెలుగే. ఆమెకు అర్థమవుతుందో లేదో అని కూడా చూడలేదు.

"మేడమ్, వాణ్ణి ఏమీ అనొద్దండి. దాచమని నేర్పించింది నేను. వాడి చేతులు పాడుచేసింది నేను. ఇంకొకామె బిడ్డను చంపబోయింది కూడా నేనే. తప్పు నాది మేడమ్... అంబుజం, నువ్వూ విను. తప్పు నాది."