ముందుగా వినిపించే గొంతు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మొదటి బేరం వచ్చింది. సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఆ పెద్దమనిషి అలవాటుగా గొంతు సవరించుకుని, "రండి రండి, మన షాపు మీదే" అన్నాడు. వెనకే ఉన్న ఇంట్లో కూతురి చేతిలోంచి గ్లాసు జారి పడింది. పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ అంతే, ఆ మాట వినపడితే చాలు ఉలిక్కిపడుతోంది.

ఆ మాటంటే ఆయనకి మహా మురిపెం. జనం ఫోన్లలోకి సినిమాలూ పాటలూ ఎక్కించేటప్పుడు ప్రతి వీడియోకీ ముందు తన గొంతుతో దాన్ని అతికించేవాడు. ఊరంతా ప్రచారం, పైసా ఖర్చు లేదు! అడిగినవాళ్లకి చాటుమాటు బూతు వీడియోలూ అలాగే ఎక్కించాడు. తెల్ల ఆడవాళ్లవి ఒకచోట, నల్లవాళ్లవి ఒకచోట, వాళ్లని కొట్టేవి ఇంకోచోట సర్ది మరీ పెట్టుకున్నాడు. భార్య ముఖం చిట్లిస్తే, అడిగింది ఇస్తున్నాను, నాదేం పోయిందని కొట్టిపారేశాడు.

ఆరోజు అల్లుడు వస్తానన్నాడు. నాలుగు గిన్నెలు ఒకచోట ఉంటే చప్పుడు కాక మానదనీ, సర్దుకుపోవాలనీ కూతురికి నచ్చజెప్పబోయాడు.

"నీ గొంతు విన్నాక కూడా సర్దుకోమంటావా నాన్నా?"

ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మొగుడు తలుపు వేసి ఫోన్లో ఆ వీడియోలు పెట్టేవాడట. అందులో ఉన్నట్టు ఉండమనేవాడట, వద్దంటే కొట్టేవాడట. దెబ్బలు తింటున్న నల్లటి ఆడవాళ్లను చూపించి, వీళ్లదీ నీ రంగే, వీళ్లకి నొప్పి తెలీదు చూడు అని నవ్వేవాడట.

"ప్రతిసారీ ముందు నువ్వే వచ్చేవాడివి, రండి రండి అంటూ. ఆ తర్వాత అతను మొదలుపెట్టేవాడు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం అల్లుడు దర్జాగా దిగాడు. మామగారు గుమ్మంలోనే నిలబడి, అమ్మాయి రాదన్నాడు.

"అదేంటి మామయ్యా, మీరు ఎక్కించిన సరుకేగా. లోకంలో లేనిది నేనేం చేశాను?"

"ఎక్కించింది నేనే. ఆ పాపం నాది. చెయ్యెత్తింది నువ్వు. అది పోలీసుల దగ్గర చెప్పుకో."

అల్లుడు ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేశాడు. ఇంతలో ఎవరో వచ్చారు. అలవాటుగా నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, "ఏం కావాలి?" అని మెల్లిగా అడిగాడు.

సాయంత్రం కూతురు టీ తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన తలెత్తలేకపోయాడు.

"ఇక్కడైతే చెరిపాను తల్లీ. ఊళ్లో ఇంకా ఎన్ని గదుల్లో నా గొంతు వినపడుతోందో" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె ఊరుకో నాన్నా అనలేదు. ఆయన భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తియ్యలేదు.