అట్టపెట్టె మీద రాసింది

ఆ ఉదయం కిరాణా షావుకారు చేతిలో ఉన్నవి రెండే: మూడు నెలల మనవడి డైపరు, పట్టలేనంత కోపం. డైపరులో జిగురు చార, అందులో సన్నటి నెత్తుటి జీర. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అనుమానం లేదు, నెత్తురే.

తల్లి తాగే ఆవుపాలలోని ప్రోటీను చనుబాలలోకి దిగి బిడ్డ పేగులకు పడటం లేదని డాక్టరమ్మ చెప్పింది. కూతురు పాలు, పెరుగు, వెన్న మానేసి మూడు వారాలైంది. శుక్రవారానికి తగ్గకపోతే చనుబాలు ఆపి, వాడికి పడే ప్రత్యేకమైన డబ్బాపాలు పట్టే సంగతి ఆలోచిద్దామంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటినుంచి కూతురు సరిగ్గా నిద్రపోలేదు.

షావుకారు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "నిజం చెప్పు. ఏం తిన్నావు?"

కూతురు నల్లటి టీ గ్లాసు కింద పెట్టింది. "నీ ఎదురుగానే తింటున్నాగా నాన్నా."

"నా ఎదురుగా సరే. నా వెనక?"

గిన్నెలు తోముతున్న భార్య చెయ్యి ఆపింది. "పొద్దున్నే మొదలుపెట్టారా? అది మీ కొట్టుకి బేరానికి రాలేదు."

"నువ్వుండు. ఫ్రిజ్‌లో పెరుగు నిన్నటికి సగమైంది. ఎవరు తిన్నారో నాకు తెలీదనుకున్నారా?"

"నేను తిన్నాను. నామీద కేసు పెట్టండి."

"కూతుర్ని వెనకేసుకు రాకు. దీనికి చిన్నప్పటినుంచీ నోరు కట్టుకోవడం చేతకాదు."

కూతురు లేచి నిలబడింది. "మూడు వారాలు నాన్నా. వాడు ఏడ్చినప్పుడల్లా నా పాలే వాడికి విషమవుతున్నాయని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. నువ్వేమో దొంగని పట్టుకున్నట్టు నిలబెట్టి అడుగుతున్నావు. నేను తిన్నవన్నీ అమ్మ వండినవే. బయటినుంచి వచ్చింది ఇదొక్కటే." రోజూ ఆయన కొట్టునుంచి తెచ్చే రస్కుల డబ్బా ఆయనవైపు తోసింది.

"నా సరుక్కే వంక పెడతావా? పిండి, చక్కెర, నూనె. మొదటిరోజే చెప్పాను."

"చెప్పావు. రాసింది చూపించావా?"

రస్కులను అట్టపెట్టెల్లోంచి గాజు జాడీల్లోకి వంచేసి, పెట్టెలను మడిచి వెనకగదిలో పడేయడం షావుకారుకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన నోటి మాటే లేబులు. కొనేవాళ్ళెవరూ మారు ప్రశ్న వేయలేదు.

"తెచ్చి నీ మొహాన కొడతా, చదువుకో," అని చెప్పులేసుకుని బయల్దేరాడు.

వెనకగదిలో అట్టల దొంతర లాగి, కళ్ళజోడు పైకెత్తి ఆ సన్నటి అక్షరాలు చదివాడు. గోధుమపిండి, చక్కెర, నూనె, పాలపొడి. ఇంకో పెట్టె తీశాడు. అందులోనూ పాలపొడి. పాత బేకరీ మూతపడ్డాక ఏడాదిగా కొత్తవాళ్ళ సరుకు తెస్తున్నాడు. రుచి ఒకటే కదా, సరుకూ ఒకటే అనుకున్నాడు. రోజుకు నాలుగు రస్కులు, ఇరవైయొక్క రోజులు, తన చేత్తోనే. కోపం చల్లారలేదు, మనిషిని మార్చుకుందంతే.

ఇంటికి వచ్చి అట్టను కూతురి ముందు పెట్టాడు. కూతురు చదివింది.

"నాకు రస్కులంటే ఇప్పుడు ఇష్టం కూడా లేదు," అంది. "చిన్నప్పుడు ఉండేది. రోజూ గుర్తుపెట్టుకుని తెస్తున్నావని తిన్నాను."

షావుకారు రస్కుల డబ్బా తీసి గుమ్మం బయట పెట్టేశాడు. "తిట్టమ్మా," అన్నాడు.

"తిడతాను. వాడికి పాలిచ్చి వస్తా, ఉండు."

అన్నట్టే వచ్చి తిట్టింది. భార్య కూడా ఓ చెయ్యి వేసింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

శుక్రవారం అట్టపెట్టె చంకన పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తానే వెళ్ళాడు. "తప్పు నాదండీ, పిల్లది కాదు," అన్నాడు. ఆమె ఇంకో మూడు వారాలు చూద్దామంది. ఆ రాత్రే కొట్లో ప్రతి జాడీ మీదా దాని అట్ట ముక్క కత్తిరించి అంటించాడు.

రస్కులు మానేసిన ఇరవైరెండో రోజు ఉదయం డైపరును మళ్ళీ కిటికీ వెలుగులో చూశాడు. పసుపుపచ్చగా ఉంది, నెత్తుటి జీర లేదు. చివరికి తేలింది ఇదీ: మనవడు అరకిలో పెరిగాడు, వాడి పాలు వాడికి దక్కాయి. ఇక షావుకారుకు దక్కింది, ఆ సాయంత్రం అరటిపళ్ళ అత్తం చేతికిస్తే కూతురు అన్న మాట: "వీటి అట్టపెట్టె ఏది నాన్నా?" ఆ వెనకే, ఆరు వారాల తర్వాత మొదటిసారి, ఆమె నవ్వు.