నాలుగో పట్టీ

పై అంతస్తులో సముద్రం వైపు నడవా చివరనున్న గది మంచిది కాదు. ఆ వృద్ధుల ఇంట్లో పనికి కొత్తగా చేరినవాళ్లకి మందుల బీరువా తాళం ఎక్కడుంటుందో చెప్పకముందే ఈ సంగతి చెప్పేవారు.

పొద్దుగూకాక అందులోంచి మాట వినిపిస్తుంది.

కేక కాదు. ఏడుపూ కాదు. గుసగుస... తీరిగ్గా, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు—

"కుడి భుజం... సరి."

"ఎడమ భుజం... సరి."

"కుడి కాలు... సరి."

అంతే. ఆ తర్వాత ఏమీ ఉండదు. నాలుగోది రాదు. వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్లకి తమ గుండె చప్పుడే వినిపించి, కాళ్లు వాటంతటవే మెట్లవైపు తిరిగేవి.

ఆ మాటలు అక్కడ అందరి నోటా రోజూ నలిగేవే. మంచం దిగలేని మనిషిని చేతులతో లేపి ఎత్తుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు. ప్రతి గది కప్పుకీ ఒక ఇనుప పట్టా, దానిమీద జారే మోటారు, మోటారుకి వేలాడే అడ్డకమ్మీ. మనిషి కింద జోలె పరిచి, దాని నాలుగు పట్టీలూ కమ్మీకున్న నాలుగు కొక్కేలకి తగిలించాలి. తగిలించాక ఒక్కోదాన్నీ వేలు పెట్టి చూపించి, సరి అని పైకి అనాలి. రైలు నడిపేవాళ్లు సిగ్నలుకి వేలు చూపించి గట్టిగా చెప్పుకుంటారే, అలా. నాలుగూ అన్నాకే చేతిలోని మోటారు మీట నొక్కాలి. అదైనా మనిషి పరుపుకి బెత్తెడు పైకి లేవగానే ఆపి, మళ్లీ ఒకసారి కలయజూసి, అప్పుడు మిగతా పని. కన్ను మోసపోతుంది గానీ వేలూ నోరూ కలిస్తే మోసపోవని అక్కడి పాతకాపుల మాట.

అందుకే మూడు చెప్పి ఆగిపోయే గొంతంటే వాళ్లకి అంత హడల్.

"నాలుగోది మర్చిపోయి ఎవర్నో కింద పడేసిన ఆయా అయుంటుంది. అది గుర్తొచ్చేదాకా దానికి మోక్షం లేదు," అనేవాళ్లు కొందరు.

హిసాకోకి మాత్రం ఇదంతా వేళాకోళం. ఆ ఇంట్లో పనిచేసీ చేసీ ముదిరిన మనిషి. "దెయ్యానికి కూడా నడుం పట్టేసిందేమోనే. చేతులతో ఎత్తలేక యంత్రం పట్టుకుంది, పాపం," అని నవ్వేది.

తోటి ఆయా చిగుసా మాత్రం నవ్వేది కాదు. ఆ గదిలో ఎవరూ కింద పడలేదని ఆమెకి తెలుసు. ఆ గదిలో ఆఖరున ఉన్నది తొకుజి తాత. పోయిన శరదృతువులో నిద్రలోనే పోయాడు, దీపం కొండెక్కినట్టు. ఆమె భయం వేరు. అది ఎవరితోనూ చెప్పలేదు.

ఆ గదిలో నాలుగోది ఎవరు చెప్పాలో ఆమెకి తెలుసు.

*

వానలు పట్టుకున్న రోజులు. ఆ రాత్రి డ్యూటీ హిసాకోది, చిగుసాది. హిసాకో కింద ఎవరికో పక్కబట్టలు మారుస్తోంది. పైన గదులన్నీ చూసి రావడం చిగుసా వంతు.

నడవా సగందాకా వచ్చాక వినబడింది.

జ్...

మోటారు. కప్పుకున్న పట్టామీద ఏదో మెల్లగా జారి, ఆగింది.

ఆ గది ఖాళీది. మంచం మీద పరుపు కూడా చుట్టేసి ఉంటుంది. అయినా—

"కుడి భుజం... సరి."

చిగుసా గోడ పట్టుకుంది. వెనక్కి పోదామనుకుంది. కానీ యంత్రం కదులుతోందంటే దాన్ని నొక్కే చెయ్యి ఒకటుండాలి కదా. దెయ్యానికి చేతులుంటాయా? ఉంటే... ఎవరి చేతులు?

"ఎడమ భుజం... సరి."

జరుపుడు తలుపుకి సందుంది. అందులోంచి కన్ను పెట్టింది.

కప్పు నుంచి తెల్లటి జోలె దిగివుంది. ఊరికే వేలాడటం లేదు. బరువుగా ఉంది. అందులో ఎవరో ఉన్నారు. తల వంచుకుని, చిన్నగా, మూటలా...

"కుడి కాలు... సరి."

ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ మూట తలెత్తి, గదిలో ఎవరూ లేని మూలకి చెవి ఒగ్గింది.

చిగుసా తలుపు జరిపింది. మెరుపు వెలుగులో మొహం కనబడింది.

మిసావో మామ్మ. తొకుజి తాత భార్య.

చలికాలం మొదలవుతూనే ఇల్లు తాళం పెట్టి ఇక్కడికే వచ్చేసింది. కింద అంతస్తులో ఉంటుంది. కర్ర పొడుచుకుంటూ మెట్లు ఎలా ఎక్కిందో, ఎన్ని రాత్రుల్నించి ఎక్కుతోందో... మంచం అంచున జోలె పరుచుకుని కూర్చుని, కమ్మీని గుండెలదాకా దించుకుని, పట్టీలు తనే తగిలించుకుంది. మూడే. నాలుగోది, ఎడమ కాలిది, తొడ పక్కన ఊరికే పడుంది. పిడికిట్లో మీట. బొటనవేలు దానిమీదే ఉంది.

అది నొక్కితే కమ్మీ లేస్తుంది. జోలె ఒక పక్కకి తెరుచుకుంటుంది. ఆ ఎముకలు ఆ నేలని తట్టుకోవు.

"మామ్మా..." చిగుసా లోపలికి అడుగేసింది.

"ష్. ఆయన్ని చెప్పనీ, అమ్మాయీ."

*

తొకుజి తాత కత్సువో చేపలు పట్టే పడవల మీద బతికిన మనిషి. గాలం వేసి, చేపని గాల్లోకి ఎగరేసి పట్టుకునే పని. పక్షవాతం కొట్టి కుడి పక్క చచ్చుబడ్డాక మిసావో మామ్మ ఆయన్ని ఇంట్లో తన చేతులతోనే లేపింది, తన వీపు మీదే మోసింది. ఒకరోజు ఆ నడుమే విరిగినట్టయి ఇద్దరూ కలిసి పడ్డారు. ఆయన తుంటి విరిగింది. అప్పుడు తాతని ఇక్కడ చేర్చారు.

ఇంటికి పోతానని ఒకటే గొడవ ఆయనది. డాక్టరు ఒప్పుకున్నాడు, కాకపోతే ఇంటి కప్పుకి కూడా పట్టా బిగించాలి, మామ్మ యంత్రం నేర్చుకోవాలి. నేర్పే పని చిగుసాకి పడింది.

"కట్టుకున్నవాణ్ణి చేతులతో లేపాలి గానీ, బియ్యం బస్తాలా కొక్కేనికి తగిలిస్తారా? ఇదేం పని?" అంది మామ్మ మొదటిరోజు.

తాతకి మాట సగమే వచ్చేది. ఆ సగంతోనే అన్నాడు. "నేను... ఎన్ని చేపల్ని... వేలాడగట్టానో. ఇప్పుడు... నా వంతు."

మామ్మకి తొందరెక్కువ. మూడు తగిలించి మీటకి చెయ్యి పోనిచ్చేది. ఎడమ కాలు ప్రతిసారీ మర్చిపోయేది. చివరికి తాతే ఆ పని పుచ్చుకున్నాడు. నాలుగోది ఆయనది. పట్టీ కొక్కేనికి పడిందో లేదో చూసుకుని, ఆ వంకర మూతితోనే సాగదీసి "ఎడమ కాలు... సరీ..." అంటే అప్పుడు ఆమె నొక్కాలి. తగిలించకపోతే ఆయన తిట్టేవాడు కాదు. ఊరికే ఉండేవాడు. ఆ ఊరికే ఉండటం చూసి ఆమె నాలిక్కరుచుకుని తగిలించేది.

ఎండలు ముదిరి, తగ్గి, గాలి మారేసరికి చెయ్యి తిరిగింది. ఇంట్లో పట్టా బిగించారు. గదికి కొత్త చాపలు పరిచారు. తెల్లవారితే ప్రయాణం.

తెల్లవారకముందే తాత పోయాడు.

ఇంటి కప్పుకి ఆ పట్టా అలాగే ఉండిపోయింది. పడుకుంటే అదే కనబడేది మామ్మకి. అందుకే ఇల్లు తాళం పెట్టింది.

*

"మామ్మా, నాలుగోది పడలేదు. వేలు తియ్యి, నీ పుణ్యముంటుంది."

"పడలేదని నాకు తెలీదా? నేనే తగిలించలేదు."

చిగుసా ఒక్కో అడుగూ వేస్తోంది, పిట్ట దగ్గరికి పోయినట్టు.

"తగిలించకపోతే ఆయన చెప్పడుగా," అంది మామ్మ. మొహం వెలిగిపోతోంది. "చూశావా? చెప్పలేదు. రోజూ చెప్పట్లేదు. అంటే చూస్తున్నాడన్నమాట. ఆ మనిషి నోట అబద్ధం రాదు, అమ్మాయీ. తగల్లేదు కాబట్టే ఊరుకున్నాడు."

ఇక్కడ అందరూ జడుసుకున్న ఆ నిశ్శబ్దం... ఆమెకి మొగుడి జవాబు.

చిగుసా మోకాళ్ల మీద కూర్చుంది. నోరు జారి అనేసింది. "మరి ఒక్కసారి తగిలించి చూడొచ్చుగా?"

బయట వాన. ఆ వెలుగంతా మామ్మ మొహంలోంచి దిగిపోయింది.

"తగిలించాక కూడా చెప్పకపోతే?"

 చిగుసా మెల్లగా ఆ వేళ్లు విప్పి మీట తీసుకుంది. మామ్మ వదిలేసింది. వదిలేసి, చిన్నపిల్లలా చిగుసా భుజమ్మీద నుదురు ఆన్చింది. 

ఆ తర్వాత ఆ గది మీట తీసి మందుల బీరువాలో పెట్టారు. సంగతి హిసాకోకి మాత్రం చెప్పింది చిగుసా. హిసాకో ఆ పూట వేళాకోళం ఆడలేదు. "ముసల్ది... ఎంత దిగమింగుకుందే," అని ఊరుకుంది.

గుసగుస ఆగిపోయింది. గదికి చెడ్డపేరు మాత్రం పోలేదు.

*

మళ్లీ శరదృతువు. తుపాను తమ తోసా తీరానికే సూటిగా వస్తోందన్నారు. సముద్రం రోడ్డు దాటింది. కింద అంతస్తులోని వాళ్లందర్నీ పైకి చేర్చాలి. మిసావో మామ్మ ఎండల్లోనే మంచం పట్టింది, కర్ర కూడా మూలన పడింది. పైన అన్ని గదులూ నిండిపోయాయి.

మిగిలింది అదొక్కటే.

చక్రాల కుర్చీలో గుమ్మం దాటించగానే మామ్మ కళ్లు తెరిచి కప్పు వంక చూసింది. 

"ఇదిగో, పిట్టంత మనిషి. చెరో పక్కా పట్టి మంచమ్మీద వేసేద్దాం రావే. కింద ఇంకా ఎంతమందున్నారు," అంది హిసాకో ఆయాసపడుతూ.

"వద్దక్కా. పట్టుకున్నచోటల్లా కములుతోంది చర్మం. యంత్రమే."

జోలె ఒంటి కిందికి దోపారు. పట్టీలు తగిలించారు. ఈసారి నాలుగూ. మందుల బీరువాలోంచి తెచ్చిన మీటని మామ్మ అడిగింది. చిగుసా ఒక్క క్షణం తటపటాయించి, ఆ చేతిలో పెట్టి, తన చెయ్యి దానిమీద వేసి ఉంచింది. వేలు చాపింది.

"కుడి భుజం, సరి."

"ఎడమ భుజం, సరి."

"కుడి కాలు, సరి."

వేలు ఎడమ కాలి పట్టీ దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది...

మామ్మ కళ్లు ఆమెకేసి లేవు. ఆ మూలకేసి ఉన్నాయి.

చిగుసా నోరు మూసుకుంది. ఆ నాలుగోది తను అంటే దొంగతనం చేసినట్టే అనిపించింది.

గాలి కిటికీని గుద్దుతోంది. పట్టీ కొక్కేనికి ఉంది. అందరూ చూస్తుండగానే ఉంది. గదిలో మాత్రం చడీచప్పుడూ లేదు.

"చెప్పవే, ఏమైంది?" అంది హిసాకో.

మామ్మ చూపు పట్టీ మీదికి దిగింది. "తగిలించాం కదమ్మా... అయినా చెప్పలేదు." తనలో తను అనుకున్నట్టు— "పోయాడు. నిజంగానే పోయాడు."

కంట్లోంచి నీళ్లు చెంపల మడతల్లో పడి జారుతున్నాయి. వాటిని చూడలేక, చేతులకి ఏదో ఒక పని కావాలన్నట్టు వంగింది చిగుసా. "ఉండు మామ్మా. ఇంకోసారి చూస్తా."

ఎడమ కాలి పట్టీని పట్టుకుని కొక్కెం నుంచి కిందికి తడుముకుంటూ వచ్చింది. తొడ కిందికి, కంటికి ఆనని మడతలోకి. వేళ్లకి ఏదో గరుగ్గా తగిలింది. లాగింది.

కుట్టు ఊడి చేతికి వచ్చింది.

అప్పటిదాకా రెండు మూడు పోగుల మీదే నిలిచి ఉందన్నమాట పట్టీ. వారం రోజులుగా ముసురు వదలక, గాలికి నీడన ఆరాల్సిన జోలెల్ని బట్టలారబెట్టే వేడి మరలో వేశారెవరో. దారం మాడి పెళుసైంది. పరిచేముందు కుట్లు చూసుకోవాలని నేర్పే మనిషే చిగుసా. ఈ హడావుడిలో తనే చూసుకోలేదు. మీట నొక్కి ఉంటే...

చిగుసా, హిసాకో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఆ మూలకి మాత్రం చూడలేదు.

"సరిగ్గా లేదు మామ్మా," అంది చిగుసా. "తెగిపోయుంది. అందుకే..."

మామ్మ ఆ దారప్పోగుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది. తడి మొహంతోనే, ఎప్పటిదో చిన్న చిరాకు తెచ్చుకుని అంది. "చూశావా. ఆ మనిషికి అబద్ధం రాదన్నానా?"

కొత్త జోలె తెచ్చారు. కుట్టు కుట్టూ తడిమి చూశారు. పరిచారు, తగిలించారు. చిగుసా వేలు చాపి మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. కుడి భుజం. ఎడమ భుజం. కుడి కాలు.

ఆగింది.

ఆమెకి గాలి వినిపించింది. ఎక్కడో కింద నీళ్లు గోడకి కొట్టుకోవడం వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు. చెవులు రిక్కించింది... లేదు.

కానీ మామ్మ "ఊఁ" అంది, మొగుడి మాటకి బదులిచ్చినట్టు. చిగుసా చేతికింద ఆ బొటనవేలు కదిలింది. మోటారు మూలిగింది. పిట్టంత శరీరం కుర్చీలోంచి బెత్తెడు పైకి లేచి, ఆగాల్సిన చోట ఆగింది.

నాలుగు పట్టీలూ బిగిసి నిలిచాయి. మామ్మ కళ్లు మూసుకుని ఉంది. చాన్నాళ్లకి ఎవరో చేతుల్లోకి ఎత్తుకున్నట్టు.

హిసాకో అటువైపు నుంచి చిగుసా చెవి దగ్గరికి వంగింది. నవ్వడానికి చూస్తోంది గానీ పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఏమే... ముసలిదాని సంతోషం కోసం నాలుగోది నువ్వే చెప్పావనుకో. అయినా ఆ మగగొంతు ఎప్పుడు నేర్చావే? అచ్చం ఆయన సాగదీసినట్టే సాగదీశావు."

ఆ నాలుగోదానికి చిగుసా నోరు విప్పనేలేదు.